కొండని కొయ్యకుండా కొండ మీద ఇల్లు: వైజాగ్‌లో రాతి ఇల్లు ఎలా ప్లాన్ చేయాలి?

ఈ ఎపిసోడ్ మా ప్లాట్‌లోనే షూట్ చేశా. గాలి హోరుకి సగం మాటలు వినపడలేదని కామెంట్స్‌లో చాలామంది తిట్టారు. కరెక్టే, మైక్‌కి కవర్ పెట్టడం మర్చిపోయా. అందుకే మొత్తం మాటల్ని ఇక్కడ రాసి పెడుతున్నా. వీడియోలో కంగారుగా చెప్పిన లెక్కలు ఇందులో కాస్త నిదానంగా ఉంటాయి.

ముందు కథ. మా నాన్న స్టీల్ ప్లాంట్‌లో పని చేసి రిటైరయ్యారు. వచ్చిన డబ్బులో పెద్ద భాగం, ఎప్పుడో భీమిలి వైపు కొన్న ప్లాట్‌లో ఇల్లు కట్టడానికి పక్కన పెట్టారు. ప్లాట్ 40 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు. అంటే సుమారు 267 గజాలు. సమస్య ఏంటంటే అది చదునుగా లేదు. వెనక పడమర వైపు కొండ, ముందు తూర్పు వైపు రోడ్డు, దూరంగా సముద్రం. వెనక నుంచి ముందుకి వచ్చేసరికి 12 అడుగులు దిగిపోతుంది.

మా మావయ్య సలహా సింపుల్: "జేసీబీ పెట్టి రెండ్రోజుల్లో చదును చేయించేయండి బావగారూ. జీ ప్లస్ టూ లేపితే పైరెండూ అద్దెకి ఇచ్చుకోవచ్చు." నాన్న సరే అన్నారు. సోమవారానికి జేసీబీ మాట్లాడేశారు కూడా.

నేనేమో ఫోన్‌లో రాతి ఇళ్ల ఫొటోలు సేవ్ చేసుకుంటూ కూర్చున్నా. పెద్ద పెద్ద గాజు కిటికీలు, పక్కన రాతి గోడ, చుట్టూ చెట్లు. "నాన్నా, మనమూ ఇలా కడదాం" అంటే, "ఆ రాయి గోడా, గోడకి అంటించిన పలకా?" అని అడిగారు. జూమ్ చేసి చూశా. పలకే. ఇటుక గోడకి రాతి టైల్స్ అంటించారు. నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్‌లో పని చేసినవాణ్ని, బ్యాకెండ్ ఏంటో చూడకుండా స్క్రీన్ చూసి మురిసిపోయా అన్నమాట.

సో సోమవారం లోపు నాకు నాలుగు రోజులు ఉన్నాయి. ఆ నాలుగు రోజుల్లో చదివింది, తిరిగి చూసింది, మేస్త్రి దగ్గర నేర్చుకున్నది ఈ ఎపిసోడ్.

కలిసిపోవడం అంటే రంగు కలపడం కాదు

చుట్టూ ఉన్న నేలతో కలిసిపోయే ఇల్లు అనగానే మనం మట్టి రంగు పెయింట్, నాలుగు మొక్కలు అనుకుంటాం. అసలు విషయం మూడు ప్రశ్నలు. నేల ఏ ఆకారంలో ఉంది? వాన నీరు ఎటు పోతుంది? అక్కడ దొరికే రాయి ఏంటి? ఈ మూడిటికీ ఇల్లు జవాబు చెప్తే అది కలిసిపోయినట్టే. చెప్పకపోతే ఎంత పచ్చ రంగు వేసినా కొండ మీద పెట్టిన డబ్బాలాగే ఉంటుంది.

దీనికి బెస్ట్ ఉదాహరణ మన బీచ్ రోడ్డు మీదే ఉంది. తొట్లకొండ. రెండు వేల ఏళ్ల కిందటి బౌద్ధ ఆరామం. 1970లలో నేవీ వాళ్లు స్థలం కోసం సర్వే చేస్తుంటే బయటపడింది. మనం అక్కడికెళ్లి ఫొటోలు దిగి వచ్చేస్తాం గానీ, ఆ పేరు ఎందుకు వచ్చిందో ఆలోచించండి. కొండ రాతిలోనే నీటి తొట్లు తొలిచారు, అందుకే తొట్లకొండ. కొండ మీద వాన పడితే నీరు ఎటు జారుతుందో చూసి, అది వృథాగా పోకుండా రాతిలో పట్టుకున్నారు. కట్టడాలు కూడా కొండ పైనున్న చదును చూసుకుని, దానికి తగ్గట్టు సర్దారు. అనకాపల్లి దగ్గర శంకరంలో బొజ్జన్నకొండ చూస్తే ఇంకో మెట్టు పైన ఉంటుంది. అక్కడ కొండనే తొలిచి గుహలు, స్తూపాలు చేశారు. బయట నుంచి తెచ్చింది తక్కువ, ఉన్నదాన్ని వాడుకుంది ఎక్కువ.

అంటే ఈ ఐడియా అమెరికా నుంచి దిగుమతి చేసుకున్నది కాదు. కాకపోతే మోడరన్ ఇంటికి దాన్ని ఎలా వాడాలో బాగా చూపించిన ఇల్లు మాత్రం అమెరికాలోనే ఉంది.

జలపాతం మీద ఇల్లు, బండల మధ్య ఇల్లు

1935లో ఫ్రాంక్ లాయిడ్ రైట్ అనే ఆర్కిటెక్ట్ పెన్సిల్వేనియాలో కాఫ్మన్ అనే వ్యాపారి కుటుంబానికి ఒక ఇల్లు డిజైన్ చేశాడు. వాళ్ల స్థలంలో చిన్న జలపాతం ఉంది. ఇల్లు దానికి ఎదురుగా వస్తుంది, కిటికీలోంచి చూడొచ్చు అనుకున్నారు వాళ్లు. రైట్ ఏకంగా జలపాతం పైనే ఇల్లు పెట్టాడు. పేరు ఫాలింగ్‌వాటర్. గోడల రాయి ఆ స్థలంలోనే తీశారు. అక్కడున్న ఒక బండని పగలగొట్టకుండా హాల్లోనే ఉంచేశారు, చలిమంట వేసుకునే పొయ్యికి అదే అరుగు. ఆ రాతి గోడల నుంచి కాంక్రీట్ బాల్కనీలు గాల్లోకి చాచినట్టు ఉంటాయి. 2019లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

కానీ పూర్తి కథ చెప్పాలి కదా. ఆ ఇల్లు మొదట్నుంచీ కారేది. ఆ అందమైన బాల్కనీలు ఏళ్లు గడిచేకొద్దీ కిందికి వంగిపోయాయి. 2002లో లోపల ఉక్కు తీగలు బిగించి వాటిని నిలబెట్టాల్సి వచ్చింది. మనకి పాఠం ఏంటంటే, రాయిని రాయి చేయగలిగిన పనికే వాడాలి, కాంక్రీట్ మీద మోయలేనంత ఆశ పెట్టుకోకూడదు.

మన తెలుగువాళ్ల దగ్గర ఇలాంటిది లేదా? ఉంది. హైదరాబాద్ బంజారాహిల్స్ ఇప్పుడు షోరూముల రోడ్డుగా మనకి తెలుసు. అప్పట్లో అది అంతా గ్రానైట్ బండల గుట్ట. నిజాం ప్రభుత్వ అధికారి మెహదీ నవాజ్ జంగ్ అక్కడ బండల్ని తీసేయకుండా, వాటినే కలుపుకుని ఇల్లు కట్టుకున్నారు. 1933లో హైదరాబాద్ వచ్చిన రవీంద్రనాథ్ ఠాగూర్ ఆయన అతిథిగా ఉన్నారు. తర్వాత ఆ గుట్టల్లో ఇళ్లు కట్టినవాళ్లు అందరూ అదే దారిలో వెళ్లుంటే సిటీ వేరేగా ఉండేది. చాలా బండలు కంకరైపోయాయి. మిగిలిన బండల్ని కాపాడాలని 1996లో సేవ్ రాక్స్ సొసైటీ అని ఒక సంస్థే పెట్టుకోవాల్సి వచ్చింది.

ఇక వైజాగ్ సంగతి. ఋషికొండని తవ్విన తీరు మీద ఎన్ని కోర్టు కేసులు, ఎంత గొడవ నడిచిందో మీకు తెలుసు. రాజకీయం ఈ ఛానల్‌లో వద్దు. ఒక్క మాట చెప్తా: కొండని కోసిన తర్వాత, పాత కొండని తిరిగి పెట్టే అండూ బటన్ ఎవరి దగ్గరా లేదు. పెద్ద కొండకైనా, మా 267 గజాలకైనా అదే రూల్.

లెక్క: చదును చేస్తే ఎంత, మెట్లు చేస్తే ఎంత?

నాన్నకి ఫొటోలు చూపిస్తే ఒప్పుకోరు. ఆయన ప్లాంట్ మనిషి, అంకెలు కావాలి. అందుకే కాగితం మీద లెక్కేశాం.

60 అడుగుల పొడవులో 12 అడుగుల పల్లం. మొత్తం ఒకే లెవెల్ చేయాలంటే, మధ్యలో లెవెల్ పట్టుకుని వెనక సగం తవ్వి ఆ మట్టిని ముందు సగంలో పోయాలి. వెనక చివర 6 అడుగులు కోత, ముందు చివర 6 అడుగులు నింపుడు. తవ్వే మట్టి: సగం × 30 × 6 × 40, అంటే 3,600 ఘనపు అడుగులు.

ఇప్పుడు అదే ప్లాట్‌ని 20 అడుగుల చొప్పున మూడు మెట్లు చేద్దాం. ఒక్కో మెట్టులో పల్లం 4 అడుగులే. కోత 2 అడుగులు, నింపుడు 2 అడుగులు. ఒక్కో మెట్టుకి సగం × 10 × 2 × 40, అంటే 400. మూడిటికీ కలిపి 1,200. మూడు మెట్లు చేస్తే తవ్వకం మూడో వంతు అయిపోయింది. నాలుగు మెట్లు చేస్తే నాలుగో వంతు. పెద్ద ఫంక్షన్‌ని చిన్న ఫంక్షన్లుగా విడగొట్టినట్టే.

అసలు తేడా గోడల దగ్గర వస్తుంది. మట్టిని ఆపే గోడని రిటైనింగ్ వాల్ అంటాం. దాని వెనక నీరు నిలిస్తే, ఆ నీటి తోపు గోడ ఎత్తుతో కాదు, ఎత్తు వర్గంతో పెరుగుతుంది. ఎత్తు రెట్టింపైతే తోపు నాలుగు రెట్లు. 6 అడుగుల గోడ వెనక పూర్తిగా నీరు నిండితే, 40 అడుగుల పొడవు మీద నీటి తోపే సుమారు 20 టన్నులు. మట్టి తోపు దీనికి అదనం. అదే 4 అడుగుల గోడకి సుమారు 9 టన్నులు. అదనంగా, 6 అడుగులు నింపిన మట్టి మీద పునాది వేస్తే అది ఏళ్ల తరబడి కుంగుతూనే ఉంటుంది.

ఈ లెక్క నాకు పుస్తకంలోంచి గుర్తురాలేదు. మా వీధి చివర ఒక ప్లాట్‌లో, కిందటి వానాకాలం, రాత్రి పూట రిటైనింగ్ వాల్ పడిపోయింది. దేవుడి దయ, ఎవరూ లేరక్కడ. తెల్లారి వెళ్లి చూస్తే గోడ ముక్కల్లో నీరు బయటకి పోయే పైపు ఒక్కటీ కనపడలేదు. ఆ ఫొటో నాన్నకి చూపించా. కాసేపు ఏం మాట్లాడలేదు. "వీప్ హోల్స్ పెట్టకుండా ఎలా కట్టార్రా?" అన్నారు అంతే.

సో రిటైనింగ్ వాల్‌కి ఇవి తప్పనిసరి. గోడ వెనక కంకర పొర. గోడలో వరసగా వీప్ హోల్స్, అంటే నీరు కారిపోయే రంధ్రాలు. పైనుంచి వచ్చే వాన నీరు ప్లాట్‌లోకి దిగకుండా, వెనక హద్దు వెంట పక్కకి మళ్లించే కాలువ. ఇంకా గోడ కింద వెడల్పు, ఎత్తులో సగం కంటే ఎక్కువే ఉండాలనేది రాతి గోడలకి మేస్త్రీల మోటు లెక్క. ఫైనల్ కొలత మాత్రం స్ట్రక్చరల్ ఇంజినీర్ ఇవ్వాలి, యూట్యూబర్ కాదు.

మన కొండ రాయి గురించి నిజం

ఇక్కడ నా పెద్ద అపోహ ఒకటి పగిలింది. స్థానిక రాయి వాడితే చాలు, అంతా మంచే అనుకున్నా. మన వైజాగ్ కొండల్లో ఎక్కువగా ఉండేది ఖోండలైట్. తూర్పు కనుమల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరు మీద దీనికి ఆ పేరు పెట్టారు. ఒకప్పటి బంకమట్టి పొరలు భూమి లోపల వేడికి, ఒత్తిడికి మారి రాయి అయ్యాయి. పగలగొడితే లోపల ఎర్రటి చుక్కలు కనిపిస్తాయి చూడండి, అవి గార్నెట్‌లు. గాలికీ వానకీ ఆ ఇనుము తుప్పు పడుతుంది, తెల్లటి ఫెల్డ్‌స్పార్ పిండి మట్టిగా మారుతుంది. మన కొండల మట్టి ఎర్రగా ఉండటంలో దీని చేయి ఉంది.

అంటే ఇది చెక్కడానికి బాగుంటుంది, కానీ అన్నిచోట్లా గట్టిగా ఉండదు. కోణార్క్ సూర్య దేవాలయం ఎక్కువ భాగం ఖోండలైట్‌తోనే కట్టింది. సముద్రపు ఉప్పు గాలికి ఆ శిల్పాలు ఎలా అరిగిపోయాయో వెళ్లినవాళ్లు చూసే ఉంటారు.

రెండో రకం చార్నకైట్. ముదురు రంగు, చాలా గట్టి రాయి. దీని పేరు వెనక కథ భలే ఉంటుంది. కోల్‌కతాలో జాబ్ చార్నక్ అనే ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి సమాధి రాయి ఇదే రకం, అందుకే ఆ పేరు. తూర్పు కనుమల్లో ఈ రాయి కూడా ఉంది. పునాదికి, నేలకి దగ్గరగా ఉండే వరసలకి, వాన నేరుగా కొట్టే గోడలకి ఇలాంటి గట్టి రాయి సేఫ్.

రాయి మంచిదో కాదో తెలుసుకోవడానికి మాకు దొరికిన మేస్త్రి గారు రెండు పరీక్షలు చెప్పారు. ఆయనది శ్రీకాకుళం వైపు, వయసు అరవై దాటింది. "బాబూ, సుత్తితో కొట్టు. గంటలాగ ఖణేల్మంటే మంచి రాయి. డబ్‌మంటే లోపల పుచ్చిందన్నమాట." రెండోది ఇంట్లో చేసేది. ఎండిన రాయి ముక్క తూకం వేసి, ఒక రోజంతా నీళ్లలో పెట్టి, తుడిచి మళ్లీ తూకం వేయడం. బరువు ఎంత పెరిగితే అంత నీరు పీల్చినట్టు. మా ప్లాట్‌లో ఏరిన ముక్కలకి కిచెన్ త్రాసు మీద చేశా. కొన్నిటి బరువు పెద్దగా మారలేదు. ఒకటి మాత్రం నీళ్లలోనే అంచులు రాలిపోయింది. అంటే ఒకే ప్లాట్‌లో రెండు రకాలూ ఉన్నాయి. ఏరుకోవాలి తప్పదు.

ఒక హెచ్చరిక. రాయి కావాలని పక్క కొండ మీద పగలగొట్టి తెచ్చుకోవడం నేరం. అనుమతి ఉన్న క్వారీ నుంచి, బిల్లుతోనే కొనాలి. మీ పునాది తవ్వకంలో వచ్చిన రాయి విషయంలో కూడా రూల్ కనుక్కుని వాడండి.

గోడ లోపల ఏముందో అదే గోడ

1993 సెప్టెంబర్ 30, మహారాష్ట్రలో కిల్లారి భూకంపం. దాదాపు పది వేల మంది చనిపోయారు. చాలామంది మీద పడింది వాళ్ల సొంత రాతి ఇళ్లే. మందమైన గోడలు, మట్టితో పేర్చినవి. బయట ఒక వరస రాయి, లోపల ఒక వరస రాయి, మధ్యలో చిన్న ముక్కలు, మట్టి. చూడటానికి ఒకే గోడ, నిజానికి రెండు గోడలు. కదిలేసరికి విడిపోయాయి.

దీనికి విరుగుడు త్రూ స్టోన్. అంటే గోడ మందం మొత్తం, ఈ మొహం నుంచి ఆ మొహం దాకా పట్టే ఒకే పొడుగు రాయి. ఇలాంటి గోడల కోసం ఉన్న మన భారతీయ ప్రమాణం ఏం చెప్తుందంటే, ప్రతి 60 సెంటీమీటర్ల ఎత్తుకీ, అడ్డంగా 1.2 మీటర్లకి మించని దూరంలో ఒక త్రూ స్టోన్ ఉండాలి. అంత పొడుగు రాయి దొరక్కపోతే కాంక్రీట్ దిమ్మ వాడొచ్చు. దీనికి తోడు లింటెల్ దగ్గర, పైకప్పు దగ్గర గోడలన్నిటినీ చుట్టి కట్టే కాంక్రీట్ బ్యాండ్. మీ మేస్త్రిని మొదట అడగాల్సిన ప్రశ్న "రేటెంత" కాదు, "త్రూ స్టోన్ ఎన్ని అడుగులకి ఒకటి పెడతారు" అని.

ఇంకో పద్ధతి కూడా ఉంది. 1937 నుంచి రైట్ అరిజోనా ఎడారిలో టాలీసిన్ వెస్ట్ కట్టాడు. అక్కడ రాయి చెక్కడానికి లొంగదు. అందుకని చెక్క అచ్చు పెట్టి, పెద్ద రాళ్ల చదును మొహం బయటికి కనిపించేలా సర్ది, మధ్యలో కాంక్రీట్ పోశారు. నైపుణ్యం ఉన్న రాతి మేస్త్రీలు దొరకడం కష్టమవుతున్న ఈ రోజుల్లో ఇది పనికొచ్చే ఐడియా. సిమెంట్ మాత్రం ఎక్కువ తాగుతుంది.

సిమెంట్ అంటే గుర్తొచ్చింది. సముద్రపు గాలిలోని ఉప్పు కాంక్రీట్‌లోకి దిగి లోపలి ఇనుముని తుప్పు పట్టిస్తుంది. మన అపార్ట్‌మెంట్ల బాల్కనీలు పెచ్చులూడేది అందుకే. ఐఎస్ 456 తీర వాతావరణాన్ని 'సివియర్' గ్రూపులో పెడుతుంది. కనీసం ఎం30 కాంక్రీట్, ఇనుము మీద 45 మిల్లీమీటర్ల కవర్ అడుగుతుంది. ఉప్పుని బాగా తట్టుకునేది స్లాగ్ కలిసిన సిమెంట్. అంటే బ్లాస్ట్ ఫర్నెస్‌లో ఇనుము తీశాక మిగిలే స్లాగ్‌ని పొడి చేసి కలిపింది. ఈ మాట చెప్పగానే నాన్న మొహం వెలిగింది. "స్లాగ్ సంగతి నాకు చెప్తావేంట్రా?" అని అరగంట క్లాస్ పీకారు. ఆ అరగంటలో మా ఇద్దరి మధ్య గొడవ సగం తగ్గింది.

రాతి ఇల్లు చల్లగా ఉంటుందా?

అందరూ ఉంటుందంటారు. నేను వెతికి చూస్తే జవాబు 'అది ఊరిని బట్టి' అని తేలింది. గ్రానైట్ లాంటి గట్టి రాయి ఇటుక కంటే మూడు రెట్లు, ఇంకా ఎక్కువే తేలిగ్గా వేడిని లోపలికి పంపుతుంది. మరి పాత రాతి ఇళ్లు చల్లగా ఎందుకుంటాయి? గోడ మందం వల్ల. పగలంతా వేడిని గోడ దాచుకుంటుంది, రాత్రి చల్లగాలికి వదిలేస్తుంది. కర్నూలు, అనంతపురం లాంటి చోట పగటికీ రాత్రికీ తేడా బాగా ఉంటుంది కాబట్టి ఇది పని చేస్తుంది. వైజాగ్‌లో మే నెల రాత్రి ఎలా ఉంటుందో మీకు చెప్పాలా? ఉక్కపోత. గోడ వేడి వదలడానికి రాత్రి చల్లబడాలి కదా!

అందుకే మన తీరంలో నీడ, గాలి ముందు. రాయి తర్వాత. దీనికి బంగాళాఖాతం ఒడ్డునే ఒక క్లాసిక్ ఉంది. పుదుచ్చేరిలో అరవిందాశ్రమం వాళ్ల గోల్కొండ్ భవనం. ఆంటోనిన్ రేమండ్ అనే ఆర్కిటెక్ట్ 1930లలో డిజైన్ చేశాడు. హైదరాబాద్ దివాన్ సర్ అక్బర్ హైదరీ ద్వారా నిజాం ఇచ్చిన విరాళంతో కట్టారు కాబట్టి ఆ పేరు. అది కాంక్రీట్ భవనం, కానీ దాని గోడలు చూడాలి. పొడవు వైపులు రెండూ పై నుంచి కింది దాకా తిప్పుకునే పలకలే. ఎండ రాదు, గాలి ఆగదు. ఏసీ అక్కర్లేకుండా కట్టిన ఇల్లు.

మా ప్లాట్‌కి దీన్ని కలిపితే ఇలా వచ్చింది. పడమర కొండ వైపు 45 సెంటీమీటర్ల రాతి గోడ, చిన్న కిటికీలు, పైన పొడుగు చూరు. సాయంత్రం ఎండని అదే ఆపుతుంది. తూర్పు సముద్రం వైపు తేలిక గోడ, తిప్పుకునే పలకల కిటికీలు. గాలి బయటికి పోవడానికి పడమర గోడ పై భాగంలో వెంటిలేటర్లు. అన్ని వైపులా రాయి కట్టాలని లేదు. 10 మీటర్ల పొడవు, 3 మీటర్ల ఎత్తు ఉన్న ఆ ఒక్క రాతి గోడే 30 టన్నులు దాటుతుంది. 23 సెంటీమీటర్ల ఇటుక గోడైతే సుమారు 13. కొండ వాలు మీద అంత బరువు అవసరమైన చోటే పెట్టాలి.

2014 అక్టోబర్ 12 మర్చిపోకూడదు. హుద్‌హుద్ రోజు నేను ఇంటర్ కుర్రాణ్ని. గాజు పగిలిన చప్పుడు ఇంకా చెవిలో ఉంది. తుఫాన్‌కి పెద్ద గాజు ముక్క శత్రువు. అందుకే ఫొటోల్లోని నేల నుంచి కప్పు దాకా ఉండే గాజు గోడని వదులుకున్నా. చిన్న చిన్న ఫ్రేములు, వాటి మీద మూసి గడియ వేసే షట్టర్లు. రేకుల కప్పు కాకుండా, రాతి గోడల పైనున్న బ్యాండ్‌కి ఇనుముతో కట్టేసిన స్లాబ్.

అమ్మ మోకాళ్ల దగ్గర ఆగిన డిజైన్

ఆదివారం రాత్రి ప్లాన్ అంతా చూపించా. గర్వంగా నిలబడ్డా. అమ్మ ఒకటే అడిగింది: "ఎన్ని మెట్లురా?"

నాలుగడుగుల తేడా అంటే ఆరంగుళాల మెట్లు ఎనిమిది. రెండు చోట్ల కలిపి పదహారు. అమ్మకి మోకాళ్ల నొప్పి. నేలతో కలిసిపోయిన నా ఇల్లు మా అమ్మతో కలవలేదు. ఈ తప్పు చాలా డిజైన్లలో ఉంటుంది, ఫొటోలో కనపడదు.

మార్చాం. హాలు, వంటిల్లు, అమ్మానాన్న గది, బాత్రూం అన్నీ మధ్య మెట్టు మీదే. కింద మెట్టు మీద పార్కింగ్, నీటి తొట్టి, ఒక వరండా. కింద నుంచి మధ్యకి మెట్లతో పాటు ర్యాంప్. 1కి 12 వాలు కావాలంటే 4 అడుగుల ఎత్తుకి 48 అడుగుల ర్యాంప్, మధ్యలో ఒక మలుపుతో సరిపోతుంది. పై మెట్టు మీద సెట్‌బ్యాక్‌లు పోగా వచ్చే జాగాలో ఒక చిన్న పోర్షన్, దానికి వేరే దారి. అది అద్దెకి. ఎందుకంటే నాన్న జీ ప్లస్ టూ అడిగింది సరదాకి కాదు. నెలనెలా వచ్చే అద్దె మీద ఆయనకి ఒక ధైర్యం ఉంది. రెండు పోర్షన్లు రావాల్సిన చోట ఒకటే వస్తుంది. ఇది నష్టమే, దాచను. తవ్వకంలో, పెద్ద గోడల్లో మిగిలేది కొంత రాతి పని కూలికే పోతుంది.

ఇలాంటి ప్లాట్ ఉన్నవాళ్లు డిజైన్ కంటే ముందు చూసుకోవాల్సినవి కొన్ని. సర్వే నంబర్ కొండ పోరంబోకు, అటవీ భూమి కాదని రికార్డుల్లో చూడండి. సముద్రపు పోటు గీత నుంచి 500 మీటర్ల లోపు ఉంటే సీఆర్‌జెడ్ రూల్స్ వర్తిస్తాయేమో కనుక్కోండి. ప్లాన్ అప్రూవల్ లేకుండా ఒక్క తట్ట మట్టి కూడా తీయకండి. వానాకాలంలో ఒకసారి ప్లాట్‌లో గొడుగేసుకుని నిలబడి నీరు ఎటు పోతుందో వీడియో తీసుకోండి. ఆ వీడియో మీ ఆర్కిటెక్ట్‌కి, ఇంజినీర్‌కి మీరిచ్చే బెస్ట్ ఇన్‌పుట్.

సోమవారం పొద్దున్న ఏడింటికి జేసీబీ అతను ఫోన్ చేశాడు. నాన్నే ఎత్తారు. "ఇప్పుడొద్దు బాబూ, మళ్లీ చెప్తాను" అన్నారు. అడ్వాన్స్ తిరిగి అడగలేదు. తర్వాత సుత్తి తీసుకుని నాతో పాటు ప్లాట్‌కి వచ్చారు. మేస్త్రి గారు అప్పటికే వచ్చి ఉన్నారు. ఇద్దరూ ఎండలో ఒక్కో రాయి కొట్టి, చెవి పెట్టి విని, ఖణేల్మన్నవి ఒక కుప్ప, డబ్‌మన్నవి ఒక కుప్ప వేశారు. వీడియో చివర్లో వినిపించే చప్పుడు అదే, గాలిది కాదు.

ఇల్లు ఇంకా మొదలవలేదు. మట్టి పరీక్ష, స్ట్రక్చరల్ డ్రాయింగ్ అయ్యాక, ముందు ఒక చిన్న నమూనా గోడ కట్టి ఒక వానాకాలం చూద్దాం అన్నారు మేస్త్రి గారు. ఆ గోడ మీద ఇంకో ఎపిసోడ్ చేస్తా, బాగొచ్చినా పాడైనా చూపిస్తా. ఈలోపు మీ ఊళ్లో కొండ రాయి ఏ రంగులో ఉంటుందో, పాత ఇళ్లకి దాన్ని ఎలా వాడారో కామెంట్‌లో రాయండి. మీ తాతల ఇంట్లో రాతి గోడ ఉంటే దాని మందం ఒకసారి కొలిచి చెప్పండి. ఉంటా మరి.